ఇసుక ముందా, చెయ్యి ముందా

జనవరి 22, 2017. ఆదివారం

ఈ డైరీ బ్యాంకువాళ్ళు నాన్నకిచ్చారు. నాన్న నాకిచ్చారు, "రోజూ ఏటి సదివినావో ఇందల రాసుకోయే" అని. నేను బ్యాంకు పరీక్షకి చదువుతున్నానని నాన్న నమ్మకం. ఒక్కోసారి నాకూ అలాగే అనిపిస్తుంది. ఇవాళ చదివింది: ఏమీ లేదు.

కళింగపట్నం వెళ్ళాను. ప్రతి ఆదివారం వెళ్తాను కాబట్టి ఇదేమీ రాయాల్సిన సంగతి కాదు. శ్రీకాకుళం నుంచి స్కూటీ మీద ముప్పావుగంట. అక్కడ ఒక్కదాన్నే ఫ్రిస్బీ ఆడతాను. ఒక్కరే ఆడతారని చెన్నైలో ఉన్నప్పుడు ఎవరైనా చెబితే పగలబడి నవ్వేదాన్ని. గాలికి ఎదురుగా కాస్త ఎత్తుగా విసిరితే పళ్ళెంలాంటి ఆ ప్లాస్టిక్ డిస్క్ పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి వస్తుంది. దాని కింద పరిగెత్తి పట్టుకోవాలి. విసిరేదీ నేనే, పట్టేదీ నేనే. పట్టలేకపోతే తిట్టేదీ నేనే.

ఇవాళ గాలి దాన్ని తీసుకుపోయి లక్ష్మణమ్మ ఎండబెట్టిన నెత్తళ్ళ మీద పడేసింది.

"ఓలమ్మ ఓలమ్మ! సావుకారోలమ్మీ, నీ పల్లెం తగలెయ్య! నెత్తల్లన్నీ ఇసక సేసీసినావు గదే!"

"తప్పైపోయిందత్తా."

"తప్పని నానన్నానేటి? దులిపీసి ఎల్లు."

కూర్చుని ఒక్కొక్క చేపా దులిపాను. మా ఇంట్లో చేప ముట్టుకున్నానని తెలిస్తే అమ్మ నన్ను వీధిలోనే నిలబెట్టి నీళ్ళు పోస్తుంది.

"నీకు జత ఎవులూ లేరేటే? ఆ సెన్నైలో బోల్డుమంది ఉన్నారన్నావు?" అంది లక్ష్మణమ్మ.

"సెలవు మీద వచ్చానత్తా. మళ్ళీ వెళ్తాను."

"ఏటి సెలవో ఇది. యేడాది పైనే సూస్తన్నాను."

పద్నాలుగు నెలలు. కంపెనీవాళ్ళు ఒక శుక్రవారం మధ్యాహ్నం నలభైమందిని పిలిచి ఇక రావద్దన్నారు. అందులో నేనొకదాన్ని. దాన్ని నేను సెలవు అనే అంటాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మురళి మెసేజ్. మురళీమోహన్ మా చెన్నై జట్టు కెప్టెన్. విజయనగరం అబ్బాయి. పద్నాలుగు నెలల్లో పంపిన మూడో మెసేజ్. "థాయ్‌లాండ్‌లో బీచ్ టోర్నమెంట్. ఫిబ్రవరి 17 నుంచి మూడు రోజులు. పగలు ఆట, సాయంత్రం పార్టీ. మాకొక అమ్మాయి తగ్గింది. వస్తావా?"

"ఆలోచించి చెప్తాను" అని పెట్టాను. రెండు నిమిషాలు ఆలోచించాను. "వస్తాను" అని పెట్టాను.

జనవరి 23

నాన్నకి ఇంకా చెప్పలేదు.

జనవరి 24

చెప్పలేదు.

జనవరి 26. గురువారం

చెప్పాను.

మా కొట్లో నాన్న చోళ్ళు, అంటే రాగులు, కొలుస్తున్నారు. ఇప్పుడు అన్నీ ఎలక్ట్రానిక్ కాటా మీదే కానీ, పల్లెలవాళ్ళు చోళ్ళో పెసలో తెస్తే నాన్న ఇప్పటికీ కుంచం తీస్తారు. వాళ్ళ కళ్ళముందు, పైకి లెక్క చెబుతూ కొలవాలి. మొదటి కుంచానికి ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. నాకు అంకెలు వచ్చింది ఆ బస్తాల మీద కూర్చునే. బడిలో చేర్చిన రోజున "లాభం, రెండు" అని మొదలుపెడితే టీచరు పడీపడీ నవ్వింది.

లెక్క మధ్యలో నాన్నతో మాట్లాడకూడదు. తొమ్మిది కుంచాలూ అయ్యేదాకా నిలబడి అప్పుడు చెప్పాను. నాన్న నా వంక కాసేపు చూశారు.

"పల్లెం ఇసిరే ఆటకి దేశం దాటి ఎల్లాలేటే?"

"అందరూ వెళ్తున్నారు నాన్నా."

"పరీక్షో?"

"అది ఏప్రిల్‌లో."

నాన్న తువ్వాలుతో చేతులు దులుపుకున్నారు. "సరే గానీ, ఆ ఆటకి అంపైరు ఉంతాడా?"

"ఉండడు నాన్నా. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి. డిస్క్ నేలకి తగిలాక పట్టుకుంటే చెల్లదు, తగిలిందో లేదో పట్టుకున్నవాళ్ళే చెప్పాలి."

"సెప్పుకుంతే ఓడిపోరేటి?"

"ఓడిపోతారు."

"అయినా సెప్తారా?"

"చెప్తారు. అదే ఈ ఆట గొప్ప."

ఎంత గొప్పగా చెప్పానో! పేటలో ఉన్న మిగతా వర్తకులందరికీ వినబడేలా చెప్పాను. నాన్నకి అది బాగా నచ్చింది. "అయితే ఎల్లిరా" అన్నారు. అమ్మ మూడు రకాల పొడులు దంచుతోంది.

ఫిబ్రవరి 3

రథసప్తమి. అరసవల్లి జనంతో కొట్లో ఊపిరాడలేదు. మురళి ఫోన్ చేస్తానన్నాడు. జనంలో వినబడలేదేమో.

చూశాను. చెయ్యలేదు.

ఫిబ్రవరి 15. చెన్నై ఎయిర్‌పోర్టు

తొమ్మిదిమందిమి. నాకు తెలిసినవాళ్ళు నలుగురు, మిగతావాళ్ళు నా తర్వాత చేరినవాళ్ళు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. పోయినేడాది గోవాలో ఏదో జరిగిందట, ఎవరో బకెట్‌లో కూర్చున్నారట. "బకెట్" అని ఎవరన్నా చాలు, అందరూ పడి పడి నవ్వుతున్నారు. నేనూ నవ్వాను.

మురళి "ఏటే సుహా, లావయ్యావు" అన్నాడు. అంతే.

ఫిబ్రవరి 16

బ్యాంకాక్ నుంచి బస్సులో పన్నెండు గంటలు. సముద్రం మా సముద్రంలా లేదు, ఆకుపచ్చగా, అలల్లేకుండా, పెద్ద చెరువులా ఉంది. వెదురు గుడిసెల్లాంటి గదులు. ఇద్దరికొకటి.

మురళి, మా జట్టులో అమ్మాయి దీపిక, ఒకే గది తీసుకున్నారు. మంచిదే. దీపిక మంచి పిల్ల.

బేసి సంఖ్య కాబట్టి నాకొక్కదానికీ ఒక గది వచ్చింది. అందరూ అదృష్టమంటున్నారు.

ఫిబ్రవరి 17. శుక్రవారం

ఇరవై జట్లు. ఏయే దేశాలో లెక్క లేదు. ఇసుకలో చెప్పుల్లేకుండా అయిదుగురు అటు, అయిదుగురు ఇటు. కాళ్ళు కాలిపోయాయి.

మొదటి ఆటలోనే పరువు తీసుకున్నాను. డిస్క్ చేతిలో ఉన్నవాళ్ళు ఎనిమిది లెక్కపెట్టేలోగా విసిరెయ్యాలి. ఎదురుగా కాపలా ఉన్నవాళ్ళు ఆ లెక్క గట్టిగా పైకి అనాలి. చెన్నైలో ఆడినన్నాళ్ళూ నాకు ఇంగ్లీషులోనే వచ్చేది. ఇవాళ రెండు మీటర్ల జర్మన్ ఒకతను డిస్క్ పట్టుకుని నా ముందు నిలబడేసరికి నా నోట్లోంచి వచ్చింది: "లాభం! రెండు! మూడు! నాలుగు!"

పద్నాలుగు నెలలు నాన్న పక్కన కూర్చున్న పుణ్యం. అతను అటూ ఇటూ చూసి, "ఏంటి? ఏంటి?" అంటూ డిస్క్ జారవిడిచాడు. మావాళ్ళు కింద పడి దొర్లారు. మురళి లాభమంటే ఏమిటో అందరికీ ఇంగ్లీషులో చెప్పాడు. సాయంత్రానికి బీచ్ మొత్తానికి నా పేరు లాభం. ఐసు పెట్టె దగ్గర కెనడావాళ్ళు "లా-బమ్!" అని అరిచి సీసాలెత్తారు. నేనూ ఎత్తాను. నాది నారింజ రసం.

సరదాగానే ఉంది.

ఫిబ్రవరి 18. శనివారం

మూడు ఆటలు గెలిచాం. రేపు సెమీఫైనల్, గెలిస్తే ఫైనల్.

పార్టీకి ఎవరి దేశం బట్టలు వాళ్ళు కట్టుకోవాలట. మా అబ్బాయిలు లుంగీలు, నల్లకళ్ళద్దాలు. దీపిక పట్టుచీర తెచ్చుకుంది. నాకెవరూ చెప్పలేదు. గ్రూపులో పెట్టామన్నారు. ఆ గ్రూపు వేరేదట, నన్ను చేర్చడం మర్చిపోయారట. "అయ్యో లాభం!" అని దీపిక నా బుగ్గ గిల్లింది.

పాటలు ఎంత గట్టిగా పెట్టారంటే పక్కవాళ్ళ మాట వినబడదు. వినబడకపోవడం నాకు కలిసొచ్చింది, ఎవరూ నాతో మాట్లాడటం లేదని ఎవరికీ తెలియదు. నాకు డాన్స్ రాక కాదు. వచ్చి రమ్మంటే వెళ్దామని కూర్చున్నాను. తినడానికి చూస్తే అన్నిట్లోనూ చేపల రసం. లక్ష్మణమ్మ వింటే ఎంత మెచ్చుకునేదో! అన్నంలో అమ్మ కందిపొడి కలుపుకుని తిన్నాను.

సింగపూర్ జట్టులో లిన్ అని ఒకావిడ వచ్చి పక్కన కూర్చుంది. నలభై అయిదుంటాయి. బడిలో టీచరు. మోకాలికి పట్టీ.

"నువ్వు లాభం కదూ? అసలు పేరేంటి?" అంది.

మూడు రోజుల్లో అడిగింది ఆవిడొక్కతే. చెప్పాను. "సు-హా-సి-ని" అని నాలుగుసార్లు పలికి చూసుకుంది, తప్పుపోకుండా. కందిపొడి నాలిక మీద వేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మోకాలు పాడైందని డాక్టరు ఇదే ఆఖరు టోర్నమెంట్ అన్నాడట. ఇరవై ఏళ్ళుగా ఆడుతోందట, ఒక్కసారీ కప్పు రాలేదట. "రేపు ఫైనల్లో మనమే ఎదురుపడితే నీ మీద జాలి చూపించను" అంది. "నేనూ చూపించను" అన్నాను.

గదికొచ్చి పడుకున్నాను. బాగుంది ఆవిడ.

ఫిబ్రవరి 19. ఆదివారం

గెలిచాం. కప్పు మాది. ఫైనల్ సింగపూర్‌తోనే. ఆఖరి పాయింట్ నేనే పట్టాను.

పన్నెండు, పన్నెండు. ఎవరు ముందు అవతలి గీత దాటి డిస్క్ పడితే వాళ్ళదే కప్పు. మురళి దూరంనుంచి విసిరాడు. లిన్ నా వెనకే పరిగెడుతోంది. డిస్క్ గాలికి దిగిపోయింది. దూకాను, చెయ్యి చాపాను, ఇసుక మొహం నిండా కొట్టింది. లేచి చూస్తే డిస్క్ నా చేతిలో ఉంది.

లిన్ "పట్టావా?" అంది.

"పట్టాను."

"నేలకి తగల్లేదు?"

"తగల్లేదు."

తల ఊపింది. వచ్చి చెయ్యి కలిపింది.

చేతికి ముందు అందింది. ఇసుక తర్వాత.

అదే రోజు, సాయంత్రం

నన్ను భుజాల మీదకి ఎత్తుకున్నారు! మురళి గట్టిగా కౌగిలించుకుని "ఒసే, నువ్వు నా బంగారం!" అన్నాడు అందరి ముందూ. వాళ్ళ రెండో గ్రూపులో నన్ను అప్పటికప్పుడు చేర్చారు. ఏప్రిల్లో దుబాయ్ టోర్నమెంట్‌కి వెళ్తున్నారట, "నీ పేరు రాసీసినాను, మాటాడకు" అన్నాడు. డాన్సు కూడా చేశాను. అందరూ చుట్టూ చేరి "లాభం! లాభం!" అని చప్పట్లు.

ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.

చేతికి ముందు అందింది.

ఫిబ్రవరి 20. బస్సులో

అందరూ నిద్ర. గోళ్ళలో ఇసుక పోవడం లేదు.

ఇసుక ఎగిరింది నిజమే. అంత విసురుగా దూకితే ఎగరదా? చెయ్యి పడినా ఎగురుతుంది, మోచెయ్యి పడినా ఎగురుతుంది.

ఫిబ్రవరి 23. శ్రీకాకుళం

నాన్న నేను కప్పు పట్టుకున్న ఫోటోని పెద్దదిగా కడిగించి కొట్లో గల్లా వెనక మేకు కొట్టి తగిలించారు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు. "మా పాప. అంపైరు లేని ఆట. ఎవులి తప్పు ఆల్లే సెప్పుకోవాల." బెల్లం కోసం వచ్చిన ముసలాయన "అలగా!" అని ఫోటోకి దణ్ణం పెట్టాడు.

నేను లోపలికి వెళ్ళి కూర్చున్నాను.

ఫిబ్రవరి 26. ఆదివారం

కళింగపట్నం వెళ్ళలేదు. గాలి ఎక్కువగా ఉంది.

మార్చి 1

దుబాయ్ టిక్కెట్లు చూస్తున్నారు గ్రూపులో. రోజుకు వంద మెసేజ్‌లు. పొద్దున్న లేవగానే "గుడ్ మార్నింగ్ లాభం" అని ఎవరో ఒకరు పెడతారు. ఎన్నాళ్ళకి! ఫోన్ పట్టుకునే అన్నం తింటున్నానని అమ్మ తిడుతోంది.

ఫైనల్ నుంచి నాతో తెచ్చుకున్న ఆ డిస్క్ అంచు ఒకచోట కొద్దిగా గీరుకుని ఉంది. అది పాత గీత కూడా కావచ్చు.

మార్చి 4. శనివారం

ఇవాళ ఆమదాలవలస వైపు నుంచి నూకయ్య పెసలు తెచ్చాడు. మా నాన్న కుంచం పట్టారు. నేను గల్లా దగ్గర ఉన్నాను. లాభం, రెండు, మూడు. తొమ్మిది దాటాక ఎవరో పంచదార ధర అడిగారు. నాన్న తల తిప్పి జవాబు చెప్పారు. మళ్ళీ కుంచం ఎత్తి ఆగిపోయారు.

"ఎంతయినాదిరా నూకయ్యా? పదకొండా, పన్నెండా?"

"నానూ సూడ్లేదు సావుకారూ. పదకొండే అనుకో, ఏటవుతాది."

"అనుకోడవేటి? కొలతన్నాక అనుకోడాలు ఉంతాయేటి?"

కొలిచిందంతా తిరిగి బస్తాలో పోయించారు. నూకయ్య "ఎండెక్కిపోతన్నాది బాబూ, నా బండి ఎల్లిపోతాది" అని మొత్తుకుంటున్నా వినలేదు. మళ్ళీ మొదలు: లాభం. రెండు. నేను చూస్తూ నిలబడ్డాను. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. అయినా ప్రతి కుంచానికీ వంగి, లేచి, పైకి లెక్క చెప్పి, పద్నాలుగు దాకా.

ఆయన తల వెనకాలే నా ఫోటో.

నేను మేడ మీదకి పారిపోయి తలుపేసుకున్నాను.

మార్చి 5. ఆదివారం

తగిలింది.

రాశాను కదా, ఇప్పుడు చెరిపినా ఉంటుంది. డిస్క్ ముందు ఇసుకకి తగిలింది. అంచు ఇసుకని కోసుకుంటూ వచ్చి, ఒక్క జానెడు ఎగిరి, అప్పుడు నా చేతిలోకి వచ్చింది. లేచాక అర్థమైనదీ కాదు, తర్వాత అనుమానంగా తోచినదీ కాదు. అది తగిలినప్పుడే నాకు తెలుసు. చేతికి తెలుస్తుంది. నేరుగా వచ్చిన డిస్క్ తిరుగుతూ వస్తుంది, ఇది తిరగడం మానేసి వచ్చింది.

లిన్ అడిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు అడిగింది. నా పేరు నాలుగుసార్లు పలికి నేర్చుకున్న మనిషి. ఇరవై ఏళ్ళుగా కప్పు రాని మనిషి. ఆవిడ కళ్ళలోకి చూసి తగల్లేదన్నాను.

ఎందుకన్నానో తెలుసు. నేను తలెత్తేసరికి మురళీ వాళ్ళందరూ అప్పటికే నా వైపు పరిగెత్తుకొస్తున్నారు. చేతులు చాపుకుని, అరుస్తూ, నవ్వుతూ, అందరూ నా కోసమే. పద్నాలుగు నెలలుగా నా వైపు ఎవరూ పరిగెత్తుకు రాలేదు. నడిచి కూడా రాలేదు. "తగిలింది" అన్నానంటే వాళ్ళు మధ్యలోనే ఆగిపోతారు, చేతులు దించుకుంటారు. ఆ ఆగిపోవడం నేను చూడలేననుకున్నాను. అందుకన్నాను.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఏడుపు కూడా రావడం లేదు.

మార్చి 6

మురళికి ఫోన్ చేశాను. ఆఫీసులో ఉన్నాడు. చెప్పాను.

"ఓసి నీ దుంప తెగ, ఇప్పుడెందుకే ఇది?"

"అబద్ధం చెప్పాను మురళీ."

"ఎవులడిగినారే నిన్ను? అంత దగ్గిర ఉన్నావిడే ఒప్పుకున్నాది గదా. అయిపోనాది."

"నేను పట్టానంటే నమ్మి ఒప్పుకుంది. అందరికీ రాస్తాను."

"సూడు సుహా. అది నీ ఒక్కదానిది కాదు, జట్టుది. తొమ్మిదిమంది పరువు. నువ్వు రాస్తే నీతో మల్లీ ఎవులాడతారు సెప్పు?" అని, కాస్త మెత్తబడి, "రెండ్రోజులు పోతే నువ్వే మర్చిపోతావు. దుబాయ్ ఉన్నాది గదా" అన్నాడు.

నాకు కోపం రాలేదు. అతను చెప్పింది నిజం. రాస్తే నాతో ఎవరూ ఆడరు.

మార్చి 7. మంగళవారం

రాశాను. లిన్‌కి, టోర్నమెంట్ పెట్టినవాళ్ళకి, మా గ్రూపుకి. ముగ్గురికీ ఒకే ఉత్తరం, నాలుగు ముక్కలు. డిస్క్ ముందు ఇసుకకి తగిలింది. నాకు అప్పుడే తెలుసు. మా జట్టులో ఇంకెవరికీ తెలియదు, తప్పు నా ఒక్కదానిదే. క్షమించండి, సుహాసిని.

లాభం అని రాయలేదు.

ఒక గంట ఫోన్ పట్టుకుని, నొక్కనా వద్దా అని. అమ్మ కిందనుంచి భోజనానికి పిలిచింది. నొక్కేశాను.

మార్చి 8

ఎవరూ ఏమీ అనలేదు. గ్రూపులో ఒక్క మెసేజ్ లేదు. పొద్దున్న "గుడ్ మార్నింగ్" కూడా లేదు.

ఫోన్ ఒకసారి మోగితే ఒక్క గెంతు గెంతాను. చీరల కొట్టువాళ్ళు. మహిళా దినోత్సవ శుభాకాంక్షలు, ఇరవై శాతం తగ్గింపు.

మార్చి 9

సాయంత్రం దీపిక విడిగా పెట్టింది. "నువ్వు చేసింది కరెక్టే కావచ్చు. కానీ మాతో ముందు మాట్లాడాల్సింది. దుబాయ్‌కి వేరే అమ్మాయిని చూసుకున్నాం. ఏమనుకోకు."

ఏమనుకోను. మంచి పిల్ల.

గ్రూపు తెరిస్తే "మీరిప్పుడు ఇందులో లేరు" అని వచ్చింది. అది చదివాక వచ్చింది ఏడుపు. బాగా వచ్చింది. తలగడ తడిసిపోయేదాకా.

మార్చి 10. శుక్రవారం

లిన్ రాసింది. మొత్తం ఇక్కడ ఎక్కిస్తున్నాను, ఫోన్ పోయినా ఉండాలి.

"సుహాసినీ, నేను చూశాను. నీకు రెండడుగుల వెనక ఉన్నాను, ఇసుక ఎగరడం నీ కన్నా ముందు నాకే కనబడింది. అందుకే రెండుసార్లు అడిగాను. మూడోసారి అడగాలనిపించింది, అడగలేదు. ఈ ఆటలో చెప్పాల్సింది పట్టుకున్నవాళ్ళే. ఇంటికొచ్చాక నీ మీద చాలా కోపం వచ్చింది. కందిపొడి పెట్టిన పిల్లవి కదా, అందుకు ఇంకా ఎక్కువ వచ్చింది. ఇప్పుడు లేదు. కప్పు సంగతి టోర్నమెంట్‌వాళ్ళు చూసుకుంటారు. మోకాలి ఆపరేషన్ ఏప్రిల్లో. ఆ పొడి ఎలా చేస్తారో రాయి."

ఎన్నిసార్లు చదివానో. ఆవిడకి తెలుసు. నన్ను భుజాల మీద ఎత్తుకుని గంతులేస్తున్నంతసేపూ ఆవిడ చూస్తూనే ఉంది. చప్పట్లు కూడా కొట్టింది.

కిందకి దిగి, కొట్లో ఎవరూ లేనప్పుడు నాన్నకి చెప్పాను. పూర్తిగా చెప్పాను. నాన్న విన్నారు. నా మొహం చూడలేదు. స్టూలు వేసుకుని ఎక్కి, ఫోటో తీసి, గోడకి తిప్పి పెట్టారు. మేకు మాత్రం పీకలేదు.

"అందరికీ సెప్పినాను నాను" అన్నారు.

"తెలుసు నాన్నా."

"మల్లీ అందరికీ సెప్పాల ఇప్పుడు."

"నేను చెప్తాను."

"నువ్వేటి సెప్తావు. నోరుముయ్యి." గల్లా సొరుగు తీశారు, మూశారు. "ఆ సింగపూరావిడ ఏటంతది?"

"కందిపొడి ఎలా చెయ్యాలో రాయమంది."

నాన్న తువ్వాలుతో గల్లా బల్ల తుడిచారు. "మీ అమ్మనడుగు. ఇంగువ ఎంతో నీకు తెల్దు" అన్నారు.

మార్చి 12. ఆదివారం

కళింగపట్నం వెళ్ళాను.

నది సముద్రంలో కలిసే వైపు పడవలు లాగి పెట్టారు. ఎండ చుర్రుమంటోంది. లక్ష్మణమ్మ చేపలు తిరగేస్తూ, "ఏటే సావుకారోలమ్మీ, కానరాట్లేదు? దేశాలు ఎల్లొచ్చినావంట గదా. ఆ పల్లెం బహుమతి తెచ్చిందంట?" అంది. నాన్న ఇక్కడిదాకా చేరవేశారు ఆ వార్తని.

"లేదత్తా. తేలేదు."

"తేకపోతే పోనీ. నా సేపల మీద పడెయ్యకు."

దూరంగా వెళ్ళి విసిరాను. పద్నాలుగు నెలలు కాదు, ఇప్పుడు పదహారు. గ్రూపు లేదు, దుబాయ్ లేదు. మురళి మళ్ళీ మెసేజ్ పెట్టడని నాకు తెలుసు. ఎవరైనా కాస్త దూరంలో నిలబడి, నేను విసిరింది పట్టి, తిరిగి నా వైపు విసిరితే బాగుండునని చాలా అనిపించింది. తిరిగి విసిరింది గాలి మాత్రమే.

పదిహేనోసారో ఎన్నోసారో డిస్క్ బాగా పైకి లేచి ఎడమవైపు జారింది. పరిగెత్తాను. దూకాను. ఇసుక మొహాన కొట్టింది, డిస్క్ చేతిలో ఉంది. అంచు ముందు తగిలింది. జానెడు ఎగిరి చేతికొచ్చింది. అచ్చం అలాగే.

లేచి, చేతిలో డిస్క్ పైకెత్తి, గట్టిగా అరిచాను. "తగిలింది! నేలకి తగిలింది!"

దగ్గర్లో కాకులు తప్ప ఎవరూ లేరు. అంత దూరాన లక్ష్మణమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది.

"ఎవులికే సెప్తన్నావు?"

"ఎవరికీ కాదత్తా."

కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నా వంక కాసేపు చూసింది. ఏడుస్తున్నానని కనబడిందో లేదో.

"నానూ సూసినాను. తగిలింది" అంది. "సర్లే, ఇసక దులుపుకో. మల్లీ ఇసురు."

దులుపుకుని, మళ్ళీ విసిరాను.